ప్రవాహమును పంచుకొన్న యంత్రములు: ఒక విమర్శ

పెద్ద విశ్వవిద్యాలయమునకో, పరిశోధనాలయమునకో, బ్యాంకునకో చెందిన నెట్‌వర్కు బయటి ఇంటర్నెట్టుతో కలియు చోట సాధారణముగా ఒక కాపలా యంత్రము ఉండును. లోనికి వచ్చు ప్యాకెట్టులకును, బయటికి పోవు ప్యాకెట్టులకును నకళ్లు దానికి చేరును. ఆ నకళ్లను వచ్చినవి వచ్చినట్లే చదివి, దొంగ ప్రయత్నమేదైన కనబడినచో హెచ్చరిక వ్రాయుట దాని పని. ఈ పనిలో ఒక చిక్కు కలదు. యంత్రము హెచ్చరిక వ్రాయలేదనగా దొంగ రాలేదని అర్థము కావచ్చును. దొంగ వచ్చినను యంత్రము చూడలేదని అర్థము కావచ్చును. ఈ రెండు మౌనములును బయటికి ఒకే విధముగా కనబడును.

నెట్‌వర్కుల వేగము పెరిగినకొలది ఈ రెండవ విధమైన మౌనమునకు అవకాశము పెరుగుచున్నది. దీనికి విరుగుడుగా సాఫ్ట్‌వేరు నిర్మాతలు చూపు మార్గము సమాంతర పద్ధతి. ప్రవాహమును పాయలుగా చీల్చి, ఒక్కొక్క పాయను ఒక్కొక్క ప్రాసెసరుకు అప్పగించుటయే ఆ పద్ధతి. ఒక యంత్రము చాలనిచో పది యంత్రములు పెట్టినచో సరిపోవునని వారి వాగ్దానము. ఈ వాగ్దానములో నిజమెంత, అతిశయోక్తి ఎంత అనునది పరిశీలింపదగినది.

67 నానోసెకండ్ల గడువు

ముందుగా లెక్క చూడవలెను. ఈథర్నెట్టులో అతి చిన్న ఫ్రేము 64 బైట్లు. దానికి ముందు నడచు 8 బైట్ల సంకేతమును, రెండు ఫ్రేముల నడుమ విడువవలసిన 12 బైట్ల ఎడమును కలిపినచో, తీగపై అది ఆక్రమించు చోటు 84 బైట్లు, అనగా 672 బిట్లు. సెకనుకు 10 గిగాబిట్లు, అనగా 1,000 కోట్ల బిట్లు మోయు తీగపై ఇట్టి ఫ్రేములు సెకనుకు సుమారు 1 కోటి 48 లక్షల 80 వేలు రాగలవు. ఒక్కొక్క దానికి దొరకు గడువు 67.2 నానోసెకండ్లు. 3 గిగాహెర్ట్జుల ప్రాసెసరు గడియారము ఆ వ్యవధిలో దాదాపు 200 మారులు కొట్టుకొనును. ప్రాసెసరుకు అంటి ఉండు చిన్న జ్ఞాపకములో లేని అంశమును ప్రధాన మెమరీనుండి ఒక్కమారు తెచ్చుటకే సాధారణముగా 60 నుండి 100 నానోసెకండ్లు పట్టును. అనగా ఒక్కమారు మెమరీకి పోయి వచ్చుసరికి గడువు తీరును. 100 గిగాబిట్ల తీగపై ఆ గడువు 6.72 నానోసెకండ్లకు, అనగా 20 కొట్లకు దిగిపోవును.

అదే తీగపై 1,500 బైట్ల సరుకు మోయు పెద్ద ఫ్రేములు వచ్చుచున్నవనుకొనుడు. అన్ని హంగులతో ఒక్కొక్కటి 1,538 బైట్లు. 10 గిగాబిట్ల తీగపై ఇవి సెకనుకు 8 లక్షల 13 వేలకు మించవు. తీగ ఒక్కటే, బిట్లు అన్నియే. పని మాత్రము 18 రెట్లు తగ్గినది. కనుక “ఈ సాఫ్ట్‌వేరు 10 గిగాబిట్లను పరిశీలించును” అను వాక్యము ప్యాకెట్టు పరిమాణము చెప్పనంతవరకు అసంపూర్ణము. నిత్యము నడచు సమాచారములో చిన్నవి, పెద్దవి కలిసియుండును, నిజమే. కాని దాడిచేయువాడు సగటును పాటింపనక్కరలేదు. వాడు చిన్న ప్యాకెట్టులనే ఎన్నుకొని గుప్పించవచ్చును. సగటును నమ్ముకొని నిలిపిన కాపలా అట్టివానియెదుట నిలువదు.

పంచుట ఎట్లు?

2005 ప్రాంతమునుండి ప్రాసెసరుల గడియార వేగము పూర్వమువలె పెరుగుట మానినది. దానికి బదులు ఒకే చిప్పులో కోరుల సంఖ్య పెరిగినది. అందువలన వేగము కోరు సాఫ్ట్‌వేరు పని పంచుకొనక తప్పనిదయ్యెను. నేడు పంపకము చాలవరకు నెట్‌వర్కు కార్డులోనే జరుగును. ప్రతి ప్యాకెట్టుపై పంపిన చిరునామా, చేరవలసిన చిరునామా, రెండు పోర్టు సంఖ్యలు, ప్రోటోకాలు అను ఐదు వివరములుండును. వీటిని కలిపి కార్డు ‘హాష్’ అను ఒక లెక్క కట్టి, వచ్చిన ఫలమును బట్టి ప్యాకెట్టును ఫలానా కోరుకు పంపును. ఒకే సంభాషణకు చెందిన ప్యాకెట్టులకు ఐదు వివరములును ఒక్కటే గనుక అవి అన్నియు ఒకే కోరుకు చేరునని ఇందలి ఊహ.

ఉపాధ్యాయులకు ఇది క్రొత్త ఏర్పాటు కాదు. పబ్లిక్ పరీక్షల మూల్యాంకన కేంద్రములో జరుగునది ఇదియే. లక్షల జవాబు పత్రములను కట్టలు కట్టి పరీక్షకులకు పంచెదరు. పదిమంది దిద్దుదానికంటె వందమంది దిద్దుట త్వరగా ముగియును. మార్కులు వేయుటవరకు ఈ పంపకము చక్కగా నడచును. కాని ఇద్దరు విద్యార్థులు ఒకరిది చూచి మరొకరు వ్రాసినారని కనుగొనవలెననిన, ఆ రెండు పత్రములును ఒకే పరీక్షకుని చేతిలో పడవలెను. వేర్వేరు కట్టలలో పడినచో ఇద్దరు పరీక్షకులును శ్రద్ధగా దిద్దినను, తప్పిదము ఎవరికిని కనబడదు. వందమందిని వేయిమందిని చేసినచో త్వర పెరుగును; దొంగవ్రాత పట్టుబడు అవకాశము తగ్గును.

అర్థము చీలు నాలుగు తావులు

నెట్‌వర్కు కాపలాలోను ఇట్టి తావులు కలవు.

మొదటిది, సంభాషణకు రెండు దిక్కులు. పోవు ప్యాకెట్టులో పంపినవానిగా ఉన్న చిరునామా తిరిగి వచ్చు ప్యాకెట్టులో చేరవలసినవానిదగును. సామాన్యమైన హాష్ లెక్కలో ఈ తారుమారు వలన ఫలము మారును. ప్రశ్న ఒక కోరుకు, జవాబు మరొక కోరుకు చేరును. 2012లో కొరియా పరిశోధకులు దీనికి సులభమైన ఉపాయము చూపిరి. కార్డులో వాడు రహస్య సంఖ్యను 16 బిట్లకొకమారు అదే వరుస తిరిగి వచ్చునట్లు ఎన్నుకొన్నచో రెండు దిక్కులకును ఒకే ఫలము వచ్చును. క్రొత్త యంత్రము అక్కరలేకుండ, అమరికను మార్చుటతోనే తీరిన ఇట్టి చిక్కులు ఈ రంగమున అరుదు.

రెండవది, ముక్కలైన ప్యాకెట్టులు. పెద్ద ప్యాకెట్టు దారిలో ముక్కలైనపుడు పోర్టు సంఖ్యలు మొదటి ముక్కలోనే ఉండును. తక్కిన ముక్కలు హాల్ టికెట్టు సంఖ్య వేయని అదనపు పత్రములవంటివి. పోర్టు సంఖ్యలను చేర్చి లెక్క కట్టు కార్డు వాటిని మరొక కోరుకు పంపవచ్చును. కాపలా కన్ను కప్పుటకు దాడి చేయువారు ముక్కలు చేయు ఉపాయమును వాడగలరని 1998లోనే థామస్ టాసెక్, న్యూషామ్ అనువారు విపులముగ చూపిరి. అట్టి తావున పంపకము తడబడుట చిన్న లోపము కాదు.

మూడవది, దొంగ ఒక్కడు, తలుపులు అనేకము. ఒకడు 256 యంత్రముల తలుపులను ఒక్కొక్కటిగా తట్టి చూచుచున్నాడనుకొనుడు. ఒకే చిరునామానుండి 20 తలుపులు తట్టినచో హెచ్చరిక వ్రాయవలెనని నియమము. ఒక్క కోరు కాపలా కాయునపుడు 20వ తట్టునకే వాడు పట్టుబడును. 16 కోరులకు ప్రవాహమును సమముగా పంచినచో ఒక్కొక్కదానికి 16 తట్టులే కనబడును. ఏ కోరు లెక్కయు 20కి చేరదు. ప్రతి కోరును తన నియమము తప్పక పాటించినది. దొంగ 256 తలుపులును తట్టి వెళ్లినాడు. హెచ్చరిక లేదు.

నాలుగవది, చీల్చరాని పెద్ద ప్రవాహము. పరిశోధనాలయములు ఒకే కనెక్షనుపై అపారమైన సమాచారమును పంపుకొనును. అది ఒకే సంభాషణ గనుక ఒకే కోరుకు పోవలెను. ఆ కోరు మునిగిపోవుచుండగా తక్కినవి తీరికగా ఉండును. ఇక కోరులన్నియు కలిసి చేయవలసిన ఉమ్మడి పని కొంత ఎప్పుడును మిగులును. పనిలో 20వ వంతు వరుసగానే జరుగవలసినదైనచో, ఎన్ని కోరులు పెట్టినను వేగము 20 రెట్లు మించదని జీన్ ఆమ్‌డాల్ 1967లో చేసిన వాదమునుబట్టి తేలును. ఆ లెక్కనే 16 కోరులకు కట్టినచో లభించునది 16 రెట్లు కాదు, సుమారు 9.1 రెట్లు మాత్రమే.

బర్క్‌లీ వారి కృషి

ఈ చిక్కులను ఎదుర్కొన్న సాఫ్ట్‌వేరులలో ఎన్నదగినది నేడు ‘జీక్’ అను పేర ప్రసిద్ధమైనది. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ జాతీయ పరిశోధనాలయములో వెర్న్ పాక్సన్ 1995లో దీనిని ‘బ్రో’ అను పేర ప్రారంభించెను. 1998లో దాని నిర్మాణమును లోకమునకు వివరించెను. 2018లో పేరు మారినది. ఆనాడు దానియెదుట ఉన్న లింకు సెకనుకు 100 మెగాబిట్లది. ప్యాకెట్టులను జారవిడువరాదనుట, దాడిచేయువాడు మొదట కాపలాదారునే ముంచివేయ యత్నించునని తలచుట ఆనాటి వ్యాసములోనే లక్ష్యములుగా చెప్పబడినవి. ప్యాకెట్టులనుండి ‘సంఘటనలు’ తీయు భాగము వేరు, ఆ సంఘటనలపై నిర్ణయము చెప్పు నియమావళి వేరు. ఈ విభజన వలన సాఫ్ట్‌వేరు దీర్ఘకాలము నిలిచినది.

ఐనను అది ఒకే ప్రవాహమును ఒకే కోరుపై చదువు నిర్మాణము. 2007లో బర్క్‌లీ పరిశోధకులు అనేక సామాన్య యంత్రములను కూర్చి ఒక సమూహముగా పనిచేయించు పద్ధతిని ప్రకటించిరి. ముందువరుస యంత్రములు ప్రవాహమును చీల్చును; వెనుకవరుస యంత్రములు చదువును; మధ్యవర్తి యంత్రములు ఒకరు తెలిసికొన్నది మరొకరికి అందించును; ఒక నిర్వాహక యంత్రము అందరి ఫలితములను కూడగట్టును. మూల్యాంకన కేంద్రములో పరీక్షకులు మాత్రమే కాక చీఫ్ ఎగ్జామినరు కూడ ఉన్నట్లు.

ఈ కృషి గొప్పతనము వేగములో లేదు. ప్రవాహమును చీల్చినపుడు అర్థము చీలునని వారు ముందే ఒప్పుకొని, తలుపులు తట్టువాని లెక్కవంటివి ఒకచోట చేరవలెనని దానికే ప్రత్యేకముగా ఏర్పాటు చేయుటలో ఉన్నది. కాని లోపములు లేకపోలేదు. ఒక యంత్రము తెలిసికొన్నది మరొకదానికి చేరుసరికి కొంత కాలము గడచును. ఆ ఎడములో త్వరపడు దొంగకు చోటు దొరకును. సమూహము పెరిగినకొలది నిర్వాహక యంత్రముపై భారము పెరుగును. ఆమ్‌డాల్ చెప్పిన వరుస పని అచ్చటనే కూర్చుండును.

అదే పరిశోధనాలయము 2015లో 100 గిగాబిట్ల లింకుకు కాపలా ఏర్పరచిన విధమును ప్రకటించెను. పెద్ద ప్రవాహముల చిక్కును వారు మరొక రీతిగా తీర్చిరి. భారీ శాస్త్ర సమాచార బదిలీ అని గుర్తింపబడిన కనెక్షను మొదటి భాగమును చదివి, తక్కిన సరుకును పరిశీలనకు రాకుండ ప్రక్కకు మళ్లించిరి. కనెక్షను మొదలు, ముగింపు తెలుపు సంకేతములు మాత్రము చేరుచుండును. దీనిని కొందరు మోసమనవచ్చును, అది తగదు. చూడని భాగమేదో తెలిసి, దానిని ఎన్నుకొని విడుచుట వేరు; తెలియకుండ జారవిడుచుట వేరు. ఐనను ఇది నమ్మకముపై నిలిచిన ఏర్పాటు అనునది మరువరాదు. మొదట సాధువుగా కనబడిన కనెక్షను చివరివరకు సాధువుగానే ఉండునను నమ్మకమది. “100 గిగాబిట్లను పరిశీలించుచున్నాము” అను మాటకు “విడిచినవి పోగా” అను మాటను చేర్చి చదువుకొనవలెను.

సర్వసామాన్య ప్రవాహ యంత్రములు

రెండవ మార్గము నెట్‌వర్కు కొరకే కాక, ఏ ప్రవాహమునకైనను పనికివచ్చు సాఫ్ట్‌వేరును వాడుట. 2011లో వెలువడిన కాఫ్కా, స్టార్మ్, ఆ తరువాత ప్రసిద్ధికి వచ్చిన ఫ్లింక్ ఈ కోవకు చెందినవి. స్టార్మ్ ఒక యంత్రముపై సెకనుకు పది లక్షలకు పైగా అంశములను సంస్కరించినదని దాని నిర్మాతలు చాటిరి. పది లక్షలనగా గొప్పగా వినబడును. కాని పైన కట్టిన లెక్కను దాని ప్రక్కన పెట్టి చూడవలెను. 10 గిగాబిట్ల తీగ దాదాపు 150 లక్షల చిన్న ప్యాకెట్టులను తేగలదు. అన్ని ప్యాకెట్టులను నేరుగా ఇందులో పోయుటకు ఒక్క తీగకు పదునైదు యంత్రములు కావలెను. అవియు చదువుట తప్ప మరేమియు చేయకున్ననే. పైగా ప్రతి అంశమును మూటకట్టి, మరొక యంత్రమునకు పంపి, అచ్చట మూట విప్పుట ఇందలి రీతి. 67 నానోసెకండ్ల గడువులో దానికి తావు లేదు.

ఇంకొక సూక్ష్మము కలదు. స్టార్మ్ మూలరీతిలో ప్రతి అంశము కనీసము ఒక్కమారు సంస్కరింపబడునని హామీ ఇచ్చును. యంత్రమేదైన పడిపోయినపుడు అదే అంశము రెండవమారు రావచ్చును. 20 తట్టులకు హెచ్చరిక అను నియమము ఉన్నచోట, ఒకే తట్టు రెండుమారులు లెక్కకు వచ్చినచో నిర్దోషి దొంగగా కనబడును. ఫ్లింక్ అప్పుడప్పుడు స్థితిని భద్రపరచుకొని, పడిపోయినపుడు అచ్చటినుండి తిరిగి మొదలిడి, లెక్కలో ప్రతి అంశపు ప్రభావము ఒక్కమారే ఉండునట్లు చూచును. ఇది మెరుగైన పద్ధతి. దానికి తగిన ఖర్చు దానికి కలదు.

అట్లని ఈ మార్గమును త్రోసివేయరాదు. ప్యాకెట్టులను మొదట జీక్ వంటి సాఫ్ట్‌వేరు చదివి, ఒక్కొక్క కనెక్షనుకు ఒక్కొక్క పంక్తిగా సారాంశము వ్రాసినచో, ఆ పంక్తుల ప్రవాహము ఎంతో చిన్నది. వాటిని నిలువచేయుట, మరల చదువుట, నెలల తరబడి లెక్కలు పోల్చుట, ఒక యంత్రము పాడైనను పని ఆగకుండ చూచుట వంటి పనులలో ఈ సాఫ్ట్‌వేరులకు సాటి లేదు. నెమ్మదిగా, రోజుకొక తలుపు తట్టు దొంగ ఇచ్చటనే పట్టుబడును. సిస్కో సంస్థ ‘ఓపెన్‌సాక్’ అను పేర ప్రారంభింపగా, తరువాత అపాచీ ‘మెట్రన్’గా సాగిన ప్రయత్నము కాఫ్కా, స్టార్మ్‌లపై నిలిచినట్టిదే. 2020లో ఆ ప్రాజెక్టు విరమింపబడినది. పద్ధతి తప్పని దీనివలన తేలదు. ఇన్ని భాగముల యంత్రాంగమును నడుపుట సాఫ్ట్‌వేరు వ్రాయుటవలెనే భారమైనదని మాత్రము తలపవలెను.

ఒక్క కోరు గీటురాయి

సమాంతర సాఫ్ట్‌వేరుల అతిశయోక్తికి 2015లో ఫ్రాంక్ మెక్‌షెర్రీ, మైకేల్ ఇసార్డ్, డెరెక్ మర్రే అను ముగ్గురు పరిశోధకులు మంచి గీటురాయిని చూపిరి. ఒక పెద్ద జాలముపై చేయు ప్రసిద్ధమైన లెక్కకు 128 కోరులపై నడచిన స్పార్క్ సాఫ్ట్‌వేరుకు 857 సెకన్లు పట్టగా, జాగ్రత్తగా వ్రాసిన ప్రోగ్రాము ఒక్క కోరుపై 300 సెకన్లలో దానిని ముగించెను. ఆ లెక్క నెట్‌వర్కు కాపలాకు చెందినది కాదు. ప్రవాహమును ఎదుర్కొనునదియు కాదు. కనుక ఆ అంకెలను ఇచ్చటికి తెచ్చి అతుకరాదు. కాని వారు అడిగిన ప్రశ్నను తప్పక తేవలెను. ఎన్ని కోరులు చేర్చినపుడు ఈ సాఫ్ట్‌వేరు చక్కగా వ్రాసిన ఒక్క కోరు ప్రోగ్రామును మించును? కోరులు పెంచినకొలది వేగము పెరుగుట ఒక్కటే గొప్ప కాదు. సాఫ్ట్‌వేరు తనపై తాను వేసికొన్న అదనపు పనినే పంచుకొనుచున్నను రేఖాపటము అట్లే పైకెక్కును.

పరీక్షింపవలసిన విషయములు

ఈ రంగములో వెలువడు ప్రకటనలను, వ్యాసములను చదువువారు నాలుగు విషయములు అడుగవలెను. వేగము ఏ పరిమాణముగల ప్యాకెట్టులతో కొలిచిరి? ఒక్క కోరుపై ఎంత సాధించిరి? ప్రవాహమును చీల్చినపుడు ఏ హెచ్చరికలు తప్పిపోవునో పరీక్షించిరా? జారవిడిచిన వాటిని ఎట్లు లెక్కించిరి? మొదటి రెండింటికి జవాబు తరచు దొరకును. తక్కిన రెండింటికి దొరకుట కష్టము. విలువైనవి మాత్రము అవియే.

నాలుగవ ప్రశ్నకు జీక్ ఇచ్చు జవాబు ప్రశంసింపదగినది. కనెక్షనులో సరుకు అందుకొన్న యంత్రము “ఇంతవరకు అందినది” అని రసీదు పంపును. ఆ రసీదు కాపలా యంత్రమునకు కనబడి, రసీదులో చెప్పిన సరుకు మాత్రము కనబడనిచో, ఆ సరుకు నిజముగా పోయినదనియు, కాపలా యంత్రమే చూడలేదనియు తేలును. జవాబు పత్రముపై మూడు అదనపు పత్రములని వ్రాసియుండగా కట్టలో రెండే ఉన్నట్లు. ఇట్టి లోట్లను లెక్కించి, తాను ఎంత భాగము చూడలేకపోయినదో జీక్ తానే ఒక పట్టికలో వ్రాయగలదు. తన అంధత్వమును తానే కొలుచుకొను ఈ పట్టిక, ఎన్ని కోట్ల ప్యాకెట్టులనో చూచితినని చెప్పు ప్రకటనకంటె నమ్మదగినది.

ఉన్నత పాఠశాలలో ఈ విషయమును బోధించుటకు కంప్యూటరు కూడ అక్కరలేదు. ఉపాధ్యాయుడు 256 చీటీలపై ఒకే పేరు వ్రాసి, మరికొన్ని వందల చీటీలపై వేర్వేరు పేర్లు వ్రాసి, అన్నిటిని కలిపి 16 మంది విద్యార్థులకు పంచవచ్చును. ఏ పేరైన 20 మారులు వచ్చినచో చేయి ఎత్తవలెనని చెప్పవలెను. కొన్ని మారులు ఒకరిద్దరు చేయి ఎత్తుదురు. కొన్ని మారులు ఎవరును ఎత్తరు. తరువాత తమ తమ లెక్కలను నల్లబల్లపై ఒకచోట వ్రాయించవలెను. ప్రవాహమును పంచుట ఎంత సులభమో, పంచిన దానిలోని అర్థమును మరల కూర్చుట ఎంత అవసరమో ఆ నల్లబల్లపై మొత్తము కట్టినపుడు విద్యార్థులకు తెలియగలదు.